వెనక్కి తిరిగిన హంస

భావనారాయణ తన చెల్లెల్ని “అమ్మా” అని పిలవగానే, చెయ్యకూడనిదేదో చేసేశానని నాంచారమ్మకు తెలిసిపోయింది.

ఆ పిలుపులో తప్పేముంది అనవచ్చు. కూరగాయలమ్మే ఆవిణ్ణీ అమ్మా అంటాం, బస్సులో కాస్త జరగమనడానికీ అమ్మా అంటాం. చిక్కంతా అక్కడే ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన ఆవిణ్ణి “ఒసే నాంచీ” అన్నాడు తప్ప మరో పిలుపు ఎరగడు. ఆవిడ మెదడు శాస్త్రంలో పెద్ద పట్టా పుచ్చుకుని ఊరికొచ్చినప్పుడు, సన్మానసభలో మైకు ముందు నిలబడి కూడా అలాగే పిలిచాడు. సభంతా గొల్లున నవ్వింది. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. ఇప్పుడు ఆ పిలుపు ఒక్కసారి వినిపిస్తామంటే ఆ పట్టా తీసుకుపొమ్మనేలా ఉంది.

అప్పుడే ప్రయోగం ముగిసింది. తలకు పెట్టిన తీగల టోపీని ఆయనే జాగ్రత్తగా తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీలోంచి లేచి, ఎదురుగా కూర్చున్న చెల్లెలి వంక ప్రసన్నంగా చూశాడు.

“చాలా తేలిగ్గా ఉందమ్మా. మీకు శ్రమ ఇచ్చాను” అన్నాడు.

కనుబొమల మధ్య ఎన్నో ఏళ్ళుగా ఉన్న ముడి విడిపోయింది. ఆయన అడిగిందీ అదే, ఆవిడ కోరుకున్నదీ అదే. అయినా నాంచారమ్మ కూర్చున్నచోటే ఉండిపోయింది.

ఈ సంగతి అర్థం కావాలంటే పెడన గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. బందరు పక్కనున్న ఆ ఊళ్ళో వీళ్ళది అద్దకం పని చేసే కుటుంబం. టేకు చెక్క మీద పువ్వులూ పిందెలూ చెక్కిన అచ్చులతో బట్టల మీద బొమ్మలు అద్దుతారు. చూసేవాళ్ళు అచ్చుకు రంగు పూసి అద్దుతున్నారనుకుంటారు. ఎరుపు విషయంలో అది నిజం కాదు. అచ్చుతో అద్దేది పటిక. అద్దినప్పుడు అది బట్ట మీద ఉందో లేదో కూడా సరిగ్గా కనపడదు. ఆ బట్టను కాలవలో జాడించి, రంగునిచ్చే చెట్ల వేళ్ళూ చెక్కలూ వేసిన రాగి గంగాళంలో ఉడకబెడతారు. పటిక పట్టిన చోటల్లా ఎరుపు అంటుకుంటుంది. పట్టని చోట ఎంతసేపు ఉడికినా అంటుకోదు.

అందువల్ల ఆ పనిలో తప్పు జరిగితే అప్పటికప్పుడు తెలియదు. గంగాళం దింపాక తెలుస్తుంది.

నాంచారమ్మ చిన్నప్పుడు అలాంటి తప్పు ఒకటి జరిగింది. అచ్చులు చెక్కే వడ్రంగి కొడుకు వీరాచారి, భావనారాయణ ఒక ఈడువాళ్ళు. ఒకే కంచంలో తిన్నారంటే అతిశయోక్తి కాదు. వీరాచారి తండ్రి దగ్గర ఉలి పట్టడం నేర్చుకుంటూ, పనికిరాని టేకు ముక్క మీద మొదటిసారి సొంతంగా ఒక హంసను చెక్కాడు. మెడ కాస్త పొడుగైంది, ముక్కు కాస్త వంకరపోయింది, అద్దితే బొమ్మ కుడి ఎడమ అవుతుందన్నది లెక్కలోకి రాలేదు. దాన్ని స్నేహితుడి చెల్లెలికి ఆడుకోమని ఇచ్చాడు. ఆ పిల్ల ఊరుకుంటుందా? మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచినప్పుడు పాకలోకి దూరింది. బల్ల మీద పరిచిన దుప్పటి అంచున హంసల బారు సగం అద్ది ఉంది. తన హంసను కూడా పటికలో ముంచి బారు చివర ఒకటి వేసి, పైన గుప్పిటతో గట్టిగా గుద్ది, ఏమీ ఎరగనట్టు వచ్చి పప్పన్నం తినేసింది.

దుప్పటి ఉడికి, కాలవ గట్టున పచ్చిక మీద ఆరేసరికి అసలు సంగతి బయటపడింది. ఎర్రటి హంసలన్నీ ఒక దిక్కుకు బారు తీరి పోతున్నాయి. చివరిది మాత్రం వెనక్కి తిరిగి ఉంది.

నాన్న గంగాళం కలియబెట్టే కర్ర చేతిలోకి తీసుకుని, ఎవరి పని ఇది అని అడిగాడు. నాంచి, బట్టలు నానేసే కరక్కాయ నీళ్ళ కుండ వెనక నక్కింది. చేతులు వణుకుతున్నాయి. ఆ చేతుల వంక ఒకసారి చూసి, పదకొండేళ్ళ భావనారాయణ ముందుకొచ్చాడు.

“నేనే అద్దాను నాన్నా” అన్నాడు.

వీపు చిట్లింది. సాయంత్రం వదిన్లూ అత్తయ్యలూ పసుపు రాస్తూ తలా ఒక మాటా అంటుంటే, అందరూ పోయేదాకా ఆగి చెల్లెల్ని దగ్గరికి పిలిచాడు. తిడతాడేమోనని ఆ పిల్ల ఏడుపు మొహంతో వెళ్ళింది.

“ఊరుకోవే నాంచీ. వెనకాల ఎవరైనా తప్పిపోయారేమో అని ఒక హంసన్నా చూసుకోవద్దటే?” అన్నాడు.

కరక్కాయ వగరు వాసన, పచ్చిక మీద తడి బట్టల వాసన, ఆ మాట, ఈ మూడూ కలిసి నాంచారమ్మకు బాల్యమంటే ఏమిటో ఖాయమైపోయింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎక్కడైనా కరక్కాయ వాసన తగిలితే చాలు, ఆ కాలవ గట్టు కళ్ళముందుకొచ్చేది.

చదువులో ఆవిడకు దారి చూపించింది కూడా ఆ పటికే. మనిషి జ్ఞాపకాల్లో బాధ ఎక్కడ ఉంటుందని శాస్త్రవేత్తలంతా వెతుకుతుంటే, బాధ జ్ఞాపకంలో లేదని ఆవిడ గ్రహించింది. జరిగిన సంగతి ఉత్త బట్ట. దాని మీద మెదడు ‘ఇది నాది, ఇది నాకు జరిగింది’ అని కంటికి కనపడని అచ్చు ఒకటి వేస్తుంది. కోపమైనా, అసూయైనా, పగైనా ఆ అచ్చు ఉన్న చోటే అంటుకుంటుంది. ఆ అచ్చు పడే చిన్న నరాల ముడిని ఆవిడ కనిపెట్టింది. దాన్ని పలచబరిచే యంత్రం తయారుచేయడానికి సగం జీవితం పట్టింది. పత్రాల్లో దానికి నోరు తిరగని పేరుంది. బందరు పొలిమేరలోని ఆవిడ ప్రయోగశాలలో మాత్రం అందరూ దాన్ని ‘కాలవ’ అనేవారు, బట్ట జాడించినట్టు జాడిస్తుంది కనుక.

మనిషి టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, తనను తినేస్తున్న సంగతి ఎదుటివాళ్ళకు చెప్పాలి. చెబుతుంటే తెర మీద ముడి వెలుగుతుంది. మీట నొక్కితే కాంతి పోటు ఆ వెలిగిన చోటును మాత్రమే పలచబరుస్తుంది. సంగతి గుర్తుంటుంది, మంట పోతుంది. హారన్ కొట్టినవాడి మీదికల్లా దిగి కలబడే లారీ డ్రైవరు ఒకడు కాలవలో మునిగి లేచాక చక్కగా పక్కకు తప్పుకుని దారివ్వడం మొదలుపెట్టాడు. తోడికోడలు నవ్వితే అన్నం సయించని ఇల్లాలు ఒకావిడ ఆ తోడికోడలితోనే కలిసి అప్పడాలు వత్తుకుంది. యంత్రంతో నిర్వాణం అని పత్రికల వాళ్ళు రాశారు.

ఆ మాట చూసి ఖేమమ్మగారు పత్రికను మడిచి అవతల పడేసింది. ఆవిడ కాలేజీలో పాళీ భాష చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న బౌద్ధం పుచ్చుకుని, కూతురికి పూర్వకాలపు భిక్షుణి పేరు పెట్టుకున్నాడు. ప్రయోగశాలకు మంచిచెడ్డలు చెప్పడానికి నాంచారమ్మే ఆవిణ్ణి పిలిపించుకుంది. కోపం, పగ అనేవి నడవగా నడవగా పడిన దారులని, నేను నాది అనే పట్టు వాటికి మూలమని బుద్ధుడూ చెప్పాడని ఖేమమ్మ ఒప్పుకుంది. అయితే ఆ పట్టును చూసి, అది పెట్టే బాధ చూసి, కొద్దికొద్దిగా ఎవరికి వాళ్ళు వదులుకోమన్నాడే తప్ప, ఎవరో వచ్చి వదిలిస్తారనలేదని గుర్తుచేసేది. నొప్పికి మందు వాడమా, ఇదీ అంతే అని నాంచారమ్మ వాదించేది. చూద్దాంలే అనేది ఖేమమ్మ.

ఒక్క నియమం మాత్రం ఇద్దరూ కలిసే పెట్టారు. కుర్చీకి ఎదురుగా కూర్చుని వినేవాళ్ళు ఆ మనిషికి ముక్కూమొహం తెలియనివాళ్ళై ఉండాలి. అయినవాళ్ళు కూర్చుంటే, వాళ్ళు కూడా ఆ వెలుగులో కలిసిపోతారేమోనని మొదట్లోనే అనుమానం వచ్చింది.

ఆ నియమాన్ని ఎవరు తప్పారంటే, పెట్టినావిడే.

భావనారాయణ పగ వీరాచారి మీద. వాళ్ళ నాన్న గీసిన మామిడిపిందె నమూనా ఒకటి ఉండేది. పిందె లోపల పిందె, దాని లోపల చిలక. ఆ ఇంటి పేరు చెబితే ఆ పిందే గుర్తొచ్చేది. దాన్ని అచ్చుగా చెక్కింది వీరాచారి. నాన్న పోయాక, తన భార్యకు జబ్బు చేసి దిక్కు తోచనప్పుడు, వీరాచారి ఆ నమూనాను గీసి యంత్రాల మీద బట్టలు గుద్దే కంపెనీకి అమ్మేశాడు. మరుసటి ఏటికల్లా చిలక పిందె సంతల్లో గోనెసంచుల మీద కూడా ప్రత్యక్షమైంది. భావనారాయణ స్నేహితుడి గుమ్మం తొక్కడం మానేశాడు. పక్క వీధే, అయినా మానేశాడు.

మానేస్తే గొడవ లేకపోను. రోజూ సాయంత్రం సంధ్యవార్చినట్టు ఆ కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు. వినేవాళ్ళు లేకపోతే గోడకు చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఊగిపోయేవాడు. ఒకరోజు అలా ఊగుతూనే కుప్పకూలాడు. మూతి కాస్త పక్కకు లాగింది. నయమైంది కానీ, మరోసారి ఇంత ఆవేశం వస్తే మనిషి దక్కడని డాక్టరు తేల్చి చెప్పాడు.

చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, మంచం మీద నుంచి లేచాక కూడా ఆయన ఆపలేదు. ఆపడం తన వల్ల కాదని ఆయనకే తెలిసింది. చెల్లెలి దగ్గరికి వచ్చి, ఊరందరి పగలూ తీసేస్తున్నావుట, నాది తియ్యలేవా అని అడిగాడు. నాంచారమ్మ సంతోషంగా ఒప్పుకుంది. ఎదురుగా ఒక తెలియని మనిషిని కూర్చోబెట్టింది.

భావనారాయణ ఒప్పుకోలేదు. ఆ మనిషిని పంపించెయ్యమన్నాడు.

“ఇంటి గుట్టు పరాయివాళ్ళ ముందు చెప్పమంటావుటే? నువ్వు కూర్చో, చెబుతా. లేకపోతే పోతా” అన్నాడు.

ఆవిడ కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు. ఆ కథ అద్దకం పాకలోంచి, కాలవ గట్టు మీదుగా, నాన్న చేతి కర్ర దగ్గరికి వెళ్ళింది. “మా చెల్లెలికి హంసను చెక్కిచ్చిన చేత్తోనే వాడు మా నాన్న పిందెను అమ్మేశాడే” అన్నప్పుడు గొంతు పగిలింది. ఆయన పగ ఎంతదో, దాని కింద ఉన్న ప్రేమ కూడా అంతేనని ఇన్నేళ్ళలో నాంచారమ్మకు తట్టలేదు. తెర మీద ముడి తిరనాళ్ళలా వెలిగింది. అంత వెడల్పున వెలిగితే ఆపెయ్యాలని ఆవిడకు తెలుసు. డాక్టరు మాట గుర్తొచ్చింది. అన్నయ్య నుదుటి మీద ఉబ్బిన నరం కనిపించింది. మీట నొక్కింది.

తర్వాత ఆయన “అమ్మా” అన్నాడు.

వారం తిరక్కుండా వదిన శేషారత్నం ఫోన్ చేసింది.

“అమ్మాయ్, నీకు దణ్ణం పెట్టాలో తిట్టిపోయాలో తెలీట్లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. హాయిగా తింటున్నారు, పడుకుంటున్నారు. నాతో ఎప్పటిలాగే ఉన్నారు. కానీ అచ్చులన్నీ మూటగట్టి ఆచారికి ఇచ్చేసొచ్చారు. అదేంటండీ అంటే, ఆయన చెక్కినవే కదా, నావేముంది అందులో అంటున్నారు” అంది.

నాంచారమ్మ వెంటనే పెడన వెళ్ళింది. అన్నయ్య ఎదురొచ్చి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ప్రయాణం సుఖంగా జరిగిందా అని అడిగాడు. ఆవిడ ఉండబట్టలేక వెనక్కి తిరిగిన హంస సంగతి ఎత్తింది. ఆయనకు అంతా గుర్తుంది. ఆవిడ మర్చిపోయినవి కూడా గుర్తున్నాయి. దుప్పటి ఏ రంగు గళ్ళదో, ఆ రోజు కాలవలో నీళ్ళు ఎంత ఉన్నాయో చెప్పాడు. “అప్పుడు ఆ పిల్లాడు వచ్చి, తనే అద్దానని ఒప్పుకున్నాడు. వాళ్ళ నాన్న బాగా కొట్టాడు పాపం” అన్నాడు. ఎవరింట్లోనో జరిగిన ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. నాంచారమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, ఇప్పుడే వస్తానని పక్క వీధిలోకి నడిచింది.

వీరాచారి గచ్చు మీద కూర్చుని, చెక్కను పాదాల మధ్య బిగించి ఉలితో చెక్కుతున్నాడు. చూపు ఆనక ముక్కు చెక్కకు తగిలేలా వంగిపోయాడు. ఆవిడ గొంతు గుర్తుపట్టి ఉలి దించాడు. మూల ఉన్న మూట వంక చూపించాడు.

“వచ్చాడమ్మా మీ అన్నయ్య. వస్తాడా వస్తాడా అని ఎదురుచూడని రోజు లేదు. వస్తే కాళ్ళ మీద పడదామనుకున్నా. ఏం చెప్పాలో కూడా కూడబలుక్కుని ఉంచుకున్నా. వచ్చి కూర్చున్నాడు. నీ మీద నాకేం లేదు ఆచారీ అన్నాడు. మొహంలో మొహం పెట్టి చూశా. వాడికి నిజంగానే ఏం లేదు.”

ఒళ్ళో పడిన చెక్క పొట్టు దులుపుకున్నాడు.

“దెబ్బ తిన్నవాడు క్షమించాడంటే అది క్షమించడమమ్మా. దెబ్బే తనది కాదనుకునేవాడు క్షమిస్తే, దాన్ని నేనేం చేసుకోను? ఇదివరకు పొద్దున్నే నా గుమ్మం ముందు ఉమ్మేసి పోయేవాడు. ఆ చప్పుడు వినపడితే, సరే, మా భావన్న బాగానే ఉన్నాడు అనుకుని ఉలి పట్టుకునేవాణ్ణి.”

నాంచారమ్మ తలొంచుకుంది. చేసిందెవరో వీరాచారికి తెలుసు. మూట విప్పి, తడుముకుని తడుముకుని, పొడుగు మెడ హంసను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మిగతావి రిక్షాలో పంపిస్తానన్నాడు. తిట్టుకుంటూ వచ్చి వాడే పట్టుకుపోతే బాగుండేదని గొణుక్కున్నాడు.

కాలవలో పలచబడిన ముడిని మళ్ళీ చిక్కబరచవచ్చు. నాంచారమ్మకు ఆ పద్ధతి తెలుసు. అయితే ఆ ముడి వేర్లు పచ్చిగా ఉన్నప్పుడే అది కుదురుతుంది. ఆవిడ లెక్క ప్రకారం ఆ వానాకాలం దాటితే ఎండిపోతాయి. పైగా ఇది కావాలి అది వద్దు అని ఏరుకోవడం కుదరదు. వస్తే అన్నీ వస్తాయి. “ఒసే నాంచీ” వస్తుంది, పగ వస్తుంది, నుదుటి మీద నరమూ వస్తుంది.

ప్రయోగశాల వరండాలో, చూరు నీళ్ళు ధారగా పడుతుంటే, ఆవిడ ఖేమమ్మ ముందు అంతా వెళ్ళబోసుకుంది. తిడితే తిట్టనీ అనుకుంది. ఖేమమ్మ తిట్టలేదు. ఆవిడ చెయ్యి తీసుకుని వేళ్ళు మడిచి, మళ్ళీ ఒక్కొక్కటే విప్పింది.

“పిడికిలి విప్పడం వేరు నాంచారీ, చెయ్యి నరకడం వేరు. రెంటిలోనూ పట్టుకున్నది జారిపోతుంది. అందుకని రెండూ ఒకటే అనుకున్నావు. ఇంతకీ, మళ్ళీ తెప్పించడం మీ అన్నయ్య కోసమా, నీ కోసమా?”

అబద్ధం చెప్పాలనిపించింది కానీ నోరు రాలేదు. నా కోసమే అంది.

“అయితే విప్పాల్సిన పిడికిలి ఇంకొకటి ఉందన్నమాట” అంది ఖేమమ్మ. ఏం చెయ్యమన్నదీ చెప్పలేదు.

ఆ వారంలోనే నాంచారమ్మ కాలవ దగ్గరికి కొత్తవాళ్ళను పంపడం ఆపించేసింది. జాడించడం కాకుండా, మంటను కాసేపు మాత్రం చల్లబరిచి, ఆ కాసేపట్లో మనిషి తన పట్టును తనే చూసుకునేలా యంత్రాన్ని మార్చాలని పనివాళ్ళకు చెప్పింది. ఊరందరి సంగతీ ఇలా తేల్చగలిగింది కానీ, అన్నయ్య సంగతి మాత్రం తేలలేదు. పోయినవన్నీ మళ్ళీ పెట్టించుకుంటావా అని చివరికి ఆయన్నే అడిగింది.

భావనారాయణ శ్రద్ధగా విన్నాడు. “నాకైతే ఏ లోటూ లేదమ్మా. మీకుందా?” అన్నాడు.

ఉంది అంది ఆవిడ. కళ్ళు తుడుచుకోవడం ఆయన చూశాడు.

“అయితే పెట్టించుకుంటాను. ఎప్పుడు రమ్మంటారు?” అన్నాడు, ఎవరిదో బరువైన సంచీ అందుకున్నంత మామూలుగా.

రోజు ఖాయం చేసుకున్నారు. వానలు వెనకబట్టాయి, ఇక ఆలస్యం చేస్తే పని జరగదు. నాంచారమ్మ రెండు రోజులు ముందే పెడన చేరింది. ఆ ఇంట్లో హంసల అంచు దుప్పట్లు ముగించాల్సిన తొందరలో ఉన్నారు. విజయవాడలో బట్టల దుకాణం నడిపే ఒకావిడ పట్టుపట్టి చేయించుకుంటోంది, మాట కటువు మనిషి. ఊరికే కూర్చున్న నాంచారమ్మను చూసి, మీరూ ఒక అచ్చు పట్టుకోండమ్మా అని భావనారాయణ బల్ల దగ్గర చోటిచ్చాడు. అచ్చు ఎలా పట్టాలో, మోచెయ్యి ఎక్కడ ఉండాలో కొత్తగా పనిలో చేరినవాళ్ళకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ సంచీలోంచి తన పొడుగు మెడ హంసను తీసి మిగతా అచ్చుల పక్కన పెట్టుకుంది. ఆయన దాన్ని చూసి, ఇది మీ దగ్గరుందా అని ఊరుకున్నాడు.

పాకలో అదే వగరు వాసన. బల్ల మీద అద్దకానికి పరిచిన అదే మెత్త. నాన్న లేడు, కర్ర లేదు, అంతే తేడా. ఆవిడ చెయ్యి అద్దుతోంది, మనసు ఎక్కడో ఉంది. ఎల్లుండి ఈ వేళకు మా అన్నయ్య మళ్ళీ నా అన్నయ్య అవుతాడు అనుకుంది. ఆ వెంటనే నుదుటి మీద నరం గుర్తొచ్చింది. బారు చివర చేతికి ఏ హంస అచ్చు వచ్చిందో చూసుకోలేదు.

మర్నాడు దుప్పటి ఉడికింది. కాలవలో జాడించి పచ్చిక మీద ఆరేశారు. దుకాణం ఆవిడ కారు దిగి చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదికి వచ్చేసరికి ఎండ బాగా కాసింది. బారు తీరిన ఎర్రటి హంసల చివర ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది.

ఆవిడ దాని ముందే ఆగింది. ఇంత పేరున్న ఇంట్లో పని ఇలా ఏడుస్తుందనుకోలేదని, దీన్ని తను తీసుకోనని, అసలిది ఎవరి నిర్వాకమని కడిగేసింది. నాంచారమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. యాభై దాటిన మనిషి, దేశదేశాల సభల్లో మాట్లాడిన మనిషి, చేతులు వణుకుతున్నాయి. వాటిని చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

భావనారాయణ ఆ చేతుల వంక ఒకసారి చూశాడు.

“నేనే అద్దానమ్మా” అన్నాడు దుకాణం ఆవిడతో.

నాంచారమ్మ ఆయన మొహంలోకి చూసింది, ఎక్కడైనా గుర్తింపు మెరిసిందేమోనని ఆశగా వెతికింది. ఏమీ లేదు. ఆయన ఎవరికీ అన్న కాడు. పక్కన ఎవరివో చేతులు వణుకుతున్నాయి, ఆయనకు ఆ మాట నోటికొచ్చింది. అంతే.

అప్పుడు ఆవిడకు తెలిసింది. చిన్ననాడు కూడా అంతే. తన చెల్లెలు కాబట్టి దెబ్బలు తిన్నాడని ఇన్నేళ్ళూ మురిసిపోయింది. కుండ వెనక ఏ పిల్ల నక్కినా ఆయన ముందుకొచ్చేవాడే. ఆ మంచితనానికి ‘నాది’ అనే పటిక ఎప్పుడూ అవసరం లేకపోయింది. పగకే అవసరమైంది. కాలవ ఎంత జాడించినా ఇది పోకపోవడానికి కారణం అదే. ఆ తెలివి ముందు గుచ్చుకుంది. తను ప్రత్యేకమేమీ కాదని తెలిస్తే ఎవరికి మాత్రం గుచ్చుకోదు? ఆ తర్వాత మెల్లగా, ఊపిరాడింది.

రేపటి ప్రయాణం గుర్తొచ్చింది. ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో కూడా అర్థమైంది. తన ఏడుపు చూడలేక, తన కోసం మళ్ళీ ఒకసారి కర్ర కింద వీపు పెడుతున్నాడు.

“కాదండీ” అంది నాంచారమ్మ. చేతులు బయటికి తీసింది. “ఆయన కాదు. ఆ హంసను నేను అద్దాను. తప్పు నాది.”

దుకాణం ఆవిడ ఇద్దరి వంకా చూసి, తప్పులకు కూడా ఇంత పోటీ ఏమిటని విసుక్కుంది. ఆ ఒక్క దుప్పటీ వదిలేసి, మిగతావి కారులో పెట్టించుకుని వెళ్ళిపోయింది.

గట్టు మీద ఇద్దరే మిగిలారు. భావనారాయణకు నిజంగానే అర్థం కాలేదు.

“మీరెందుకు చెప్పారమ్మా? నాకు బాధుండదుగా. నా మీద వేసేస్తే సరిపోయేది.”

“నాకుంటుంది అన్నయ్యా. ఉండనీ.”

ఆయన సరేనన్నాడు. రేపు ప్రయోగశాలకు ఎన్నింటికి బయల్దేరాలని అడిగాడు. బయల్దేరక్కర్లేదని, రేపు కూడా అద్దకమే చేద్దామని, పొద్దున్నే వీరాచారిని కూడా పిలుద్దామని ఆవిడ చెప్పింది. ఆయనకు తిట్లు కావాలట, నాకు వచ్చినన్ని నేను తిడతాను అంది. చెబుతుంటే కన్నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

భావనారాయణ వంగి, వెనక్కి తిరిగిన హంస మీద వేలు పెట్టి చూశాడు. రంగు బాగా పట్టింది.

“వెనకాల ఎవరైనా తప్పిపోయారేమో చూసుకుంటోందని, ఆ పిల్లాడు చెల్లెలితో అన్నాడు కదమ్మా” అన్నాడు.

“అవును.”

“మంచి పిల్లాడు.”

“ఇప్పటికీ అంతే అన్నయ్యా” అంది నాంచారమ్మ. ఆయన దుప్పటి ఒక కొస అందుకుంటే, ఆవిడ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని దులిపి మడత పెట్టారు.